దురద తిరిగొచ్చిన రోజు

1968 నవంబరు 3, ఆదివారం

దీపావళికి ముందటి ఆదివారం పొద్దు పదేపదే గుర్తొస్తోంది. విశేషమేమీ లేని పొద్దు.

వెలుగు రాకముందే పెరటి నూతి దగ్గర స్నానం ముగించాను. మా మరదలు దేముడమ్మ పొయ్యి రాజేసి చోడి అంబలి కలుపుతోంది. పొగ పాక చూరులోనుంచి వంకరగా పోతోంది. నా తమ్ముడు చినబాబు మంచం దిగి, గోడ పట్టుకోకుండా, నూతి దాకా నడిచి వచ్చాడు. వైశాఖంలో ఇదే మనిషి కీళ్ళవాతంతో మోకాళ్ళు పట్టేసి పసివాడిలా పాకాడు. ఆ రోజు చేద తానే తోడుకున్నాడు. తలమీద నీళ్ళు కుమ్మరించుకుని, పంచె తడిపి పిండి నడుముకు చుట్టుకున్నాడు. నేను మొక్కిన మొక్కు అది. కార్తీకం వెళ్ళేదాకా రోజూ తడిపంచెతోనే సూర్యనారాయణస్వామికి నమస్కారాలు చేయాలి. పంచె ఒంటిమీదే ఆరాలి.

నమస్కారాలయ్యాక చెయ్యి చాపాడు. తీర్థం పోశాను. దాంతోపాటే తెల్లబిళ్ళ వేశాను. మా చిన్నతమ్ముడు జగన్నాధం బొబ్బిలి నుంచి ఆ బిళ్ళలు తెచ్చిన రోజే పొట్లం విప్పి, తులసిదళాలతో రాగిగిన్నెలో పోసి స్వామి పటం ముందు పెట్టాను. రోజుకొకటి తీర్థంతో. ఆషాఢం నుంచీ అదే పద్ధతి. చినబాబు కళ్ళకద్దుకుని మింగాడు.

దేముడమ్మ అంబలి చెంబు తెచ్చి మొగుడి మొహం తేరిపార చూసింది.

"సూడొదినా, మీ తమ్ముడి బుగ్గలు! పెళ్ళినాడైనా ఇంత నిండుగా నేవు. ఇంకో పిల్లనిత్తామని ఎవులైనా వత్తారేటో."

"వత్తే రానీ," అన్నాడు వాడు. "ఆ పిల్ల ఇంట్లో ఉంటాది. నిన్ను గెడ్డ నీళ్ళలో గోగునార తీయడానికి ఉంచుకుంటాను."

"తీత్తాను. ఆ నారతోనే నీ కాళ్ళు కట్టేత్తాను."

నేనూ నవ్వాను. వాడి ముఖం గుండ్రంగా సూర్యబింబంలా ఉంది. స్వామి చల్లగా చూశాడనుకున్నాను.

పంచె సర్దుకుంటుంటే నడుం మీద మచ్చ కనిపించింది.

"ఏట్రా అది?"

"తామరప్పా. గోగుకట్టెలు ఊరేసిన నీళ్ళలో దిగితే ఏటేటా వచ్చేదే కదా."

"దురదగా ఉన్నాదా?"

"నేదు. ఈ ఏడు అసలు దురదే నేదు."

చేతులు జోడించాను. ఆ పొద్దుకి అంతే.

ఇవాళ ఆ మచ్చ వీపంతా ఉంది.

నవంబరు 4, సోమవారం

తామర నేనెరగనిది కాదు. గుండ్రంగా వస్తుంది. చుట్టూ కుంకుమతో గీసినట్టు ఎర్రటి అంచు, మధ్యలో మామూలు చర్మం. ఇది అలా లేదు. అంచు లేదు. వానాకాలంలో గోడకి చెమ్మ పాకినట్టు పాకింది.

దేముడమ్మ సీమ అవిసె ఆకు నూరి పట్టించింది. ఏటా దానికే మాడిపోయేది. గెడ్డలో వాడి పక్కనే నిలబడి నార తీసే గంగులికీ ఈ ఏడు వచ్చింది. గోక్కున్నాడు, తిట్టుకున్నాడు, పోయింది. దేముడమ్మ కూడా ఆ నీళ్ళలోనే ఉంటుంది. తనకు అసలు రాలేదు.

అందరిదీ అదే నీరు.

నవంబరు 5, కార్తీక పౌర్ణమి

దీపాలు పెట్టాం. చినబాబు అన్నం ముందు కూర్చుని లేచిపోయాడు. నోరు తెరవమన్నాను. నాలుకమీద, దవడల్లో పాలు విరిగినట్టు తెల్లగా పూసింది. గుడ్డతో తుడిస్తే కింద ఎర్రగా ఉంది.

"గొంతు దిగడం నేదప్పా. అన్నీ ఒకే రుచిగా ఉన్నాయి. నీ దబ్బకాయ ఊరగాయ కూడా మట్టిలాగున్నాది."

మొక్కులో ఏదైనా లోపం జరిగిందా అని మొదటినుంచీ చూసుకున్నాను. లేదు.

నవంబరు 6

తడిపంచెతో ఇంకాస్సేపు ఎక్కువ నిలబెట్టాను.

నవంబరు 8, శుక్రవారం

బండి కట్టించి బొబ్బిలి తీసుకెళ్ళాం. జగన్నాధం నార బేరానికి నరసన్నపేట వెళ్ళాడు. నేనూ దేముడమ్మా వెళ్ళాం. కొత్తగా వచ్చిన డాక్టరు సీతారామారావు గారు వయసులో చిన్నవారే గాని నిదానస్తులు. నోరు చూశారు, వీపు చూశారు, ముఖం మాత్రం చాలాసేపు చూశారు.

"ఏ మందులు వాడుతున్నావయ్యా?"

"మందేటీ నేదు బాబూ," అన్నాడు చినబాబు.

"ఏమీ వాడటం లేదా? కీళ్ళనొప్పులన్నావు. దానికి?"

"అవి తగ్గిపోనాయి. మా అప్ప మొక్కుకున్నాది."

ఆయన నావైపు తిరిగారు. "నిజమేనా అమ్మా? ఏ మందూ లేదా?"

"లేదు బాబూ," అన్నాను.

నోటికి పూయడానికి ఊదారంగు మందు, వీపుకి లేపనం ఇచ్చారు. తగ్గకపోతే వెంటనే తీసుకురమ్మన్నారు. వచ్చేటప్పుడు కూడా ముఖమే చూస్తున్నారు.

అడిగినదానికి నిజమే చెప్పాను.

నవంబరు 10, ఆదివారం

నమస్కారాలు చేయలేకపోయాడు. వాడి బదులు నేను చేశాను. నిజమే చెప్పాను.

నవంబరు 11

ఇవాళ తీర్థం పోస్తుంటే బిళ్ళ ఉద్ధరిణికి అంటుకుపోయింది. వేలితో తీశాను. తెల్లగా, చిన్నగా, మధ్యలో గీత. తులసిదళానికి అలాంటి గీత ఉండదు.

మందంటే సీసాలో ఉంటుంది. పొట్లంలో ఉంటుంది. ఇది పటం ముందుది.

పొట్లంలోనే వచ్చింది.

నవంబరు 12, మంగళవారం

బిళ్ళ ఇవ్వలేదు. తీర్థం ఒక్కటే ఇచ్చాను. ఎవరికీ చెప్పలేదు. చెప్పడానికేముంది? ఇచ్చింది నేనే, మానిపించేదీ నేనే. అదే కారణమైతే ఇక తగ్గుతుంది. మనసు తేలికగా ఉంది.

నవంబరు 13

"ఏటప్పా, బిళ్ళ నేదా?" అన్నాడు.

"సూర్యుడు సాలు," అన్నాను.

నమ్మాడు. నా మాట వాడెప్పుడూ నమ్ముతాడు.

నవంబరు 15, శుక్రవారం

పొద్దున్నే వాంతి చేసుకున్నాడు. నిన్నటినుంచే నీరసంగా ఉన్నాడు, తిండి లేక అనుకున్నాను. గడప దాటబోయి కూలబడ్డాడు. ఒళ్ళు చల్లగా, చెమటగా ఉంది. పిలిస్తే మూలుగే. దేముడమ్మ గుండె బాదుకుంది. "ఓలమ్మో! ఒరే గంగులూ, బేగి బండి కట్టరా!" అని కేక వేసింది. చినబాబు తల నా ఒడిలో పెట్టుకుని బొబ్బిలి దాకా ఆదిత్యహృదయం చదివాను. ఎక్కడా తడబడలేదు.

డాక్టరుగారు నాడి పట్టుకుని ఒక్కటే అడిగారు. "ఏ మందు వాడారు? ఏది ఆపారు?"

ఈసారి ముందుగా నేనే మాట్లాడాను. తెల్లబిళ్ళ సంగతి, తీర్థం సంగతి, మంగళవారం మానేసిన సంగతి చెప్పాను. కొంగున కట్టుకొచ్చిన బిళ్ళ చూపించాను. అది చూడగానే ఆయన సూది మందు నరానికి ఎక్కించారు, సీసా నీళ్ళు పెట్టించారు. ఎండ నెత్తికెక్కేసరికి చినబాబు కళ్ళు తెరిచి "దాహం" అన్నాడు.

అప్పుడు ఆయన బల్లమీద కూర్చుని మా ఇద్దరికీ చెప్పారు. మర్చిపోకూడదని, నాకు అర్థమైనంతవరకు రాస్తున్నాను.

"అమ్మా, తామరైనా, ఆ నోటిపూతైనా ఒక జాతి బూజే. దాని గింజలు గాలిలో, గడ్డిలో, మీ గెడ్డ నీళ్ళలో ఎప్పుడూ ఉంటాయి. కొన్నైతే మన నోట్లోనే కాపురం ఉంటాయి. ఇప్పుడు మీరూ నేనూ పీల్చే గాలిలోనూ ఉన్నాయి. మరి మనకెందుకు పట్టలేదు?"

దేముడమ్మ నా మొహం చూసింది. నేను ఆయన్ని చూశాను.

"మొదటి కాపలా చర్మానిది. పొడిగా ఉంటుంది. పైపొర రోజూ రాలిపోతూ, పట్టబోయిన బూజుని కూడా రాల్చేస్తుంది. అదీ దాటి వస్తే రక్తంలో తెల్లకణాలని ఉన్నాయి. బూజు ఎక్కడుందో అక్కడికి గుంపుగా పోయి చుట్టేసి మింగేస్తాయి. ఎర్రబడటం, వాయటం, దురదపెట్టటం ఆ కొట్లాట వల్లే. తామరకి ఎర్రటి అంచు ఎందుకు ఉంటుందనుకున్నారు? కొట్లాట అక్కడ జరుగుతోంది. మధ్యలో చర్మం బాగుపడిందంటే అక్కడ మన ఒళ్ళు గెలిచేసింది."

"గంగులు గెలిచాడు," అన్నాను.

"ఎవరమ్మా?"

"మా తమ్ముడి పక్కనే నీళ్ళలో నిలబడే మనిషి."

ఆయన తల ఊపారు. "మీ తమ్ముడి ఒంట్లో కొట్లాటే లేదు. ఈ బిళ్ళ కాపలావాళ్ళని కూర్చోబెట్టేసింది. కీళ్ళలో వాళ్ళు పనిలేని తగువు పెట్టుకుంటే నొప్పి వచ్చింది. కూర్చోబెడితే పోయింది. మంచి మందే, చూసి ఇస్తే. కాని బూజు వచ్చినప్పుడు కూడా వాళ్ళు లేవలేదు."

దేముడమ్మ నోటిమీద చెయ్యి పెట్టుకుంది. "అయితే బాబూ, దురద నేకపోడం..."

"మంచిది కాదు తల్లీ."

"మరా బుగ్గలు? ఒళ్ళు సేసినాడని ఊరంతా అన్నారు."

"అదీ ఆ బిళ్ళ ఇచ్చిన వాపే. మేము దాన్ని చంద్రుడి ముఖం అంటాం."

నేను సూర్యుడనుకున్నాను. ఆ మాట పైకి అనలేదు.

"మరి మానేశాను కదా బాబూ. ఇలా ఎందుకైంది?"

"ఒక్కసారిగా మానేశారు. ఈ బిళ్ళలో ఉన్నటువంటి సరుకు మన ఒళ్ళే రోజూ కాస్త తయారు చేసుకుంటుంది. అది లేకపోతే మనిషి నిలబడలేడు. నెలల తరబడి బయటినుంచి వస్తుంటే తయారు చేయడం మానుకుంది. మీరు బయటిదీ ఆపేశారు. అందుకని మెల్లమెల్లగా తగ్గించాలి, ఒళ్ళు మళ్ళీ తన పని తను అందుకునేలా."

నాకు దబ్బకాయ జాడీలు గుర్తొచ్చాయి. "గాలి రెండు జాడీలకీ ఒకటే బాబూ," అన్నాను. "ఉప్పు తగ్గినదానికే బూజు పడుతుంది."

"అంతేనమ్మా," అన్నారాయన. మొదటిసారి నవ్వారు. "ఉప్పు నిలవాలి. తడి తగలకూడదు."

తడిపంచె సంగతి కూడా చెప్పాను. నవ్వు ఆగిపోయింది.

చినబాబుని ఆసుపత్రిలోనే ఉంచారు. మేం బండిలో వెనక్కి వస్తుంటే దేముడమ్మ అడిగింది.

"మొన్న డాట్రుబాబు అడిగినప్పుడు బిళ్ళ సంగతి సెప్పనేదేటొదినా?"

"నువ్వూ సెప్పనేదు కదే."

"నాకు అది పెసాదం."

"నాకూను."

ఎద్దుల మెడగంటలు వింటూ వచ్చాం.

నవంబరు 17, ఆదివారం

జగన్నాధం నరసన్నపేట నుంచి వచ్చాడు. విని, తిన్నగా పూజగదికి వచ్చి గుమ్మం బయట నిలబడ్డాడు.

"నేను తెచ్చింది మందేనప్పా. బజారులో ఎవడో పనిసేత్తాదంటే తెచ్చాను. దేముడి గూట్లో ఎట్టమని నేనన్నానా?"

"అననేదు."

"డాట్రుకి సూపించి తెచ్చావా అని నువ్వడిగినావా?"

"అడగనేదు."

గొడవపడదామని వచ్చాడు, పాపం. కండువాతో కళ్ళు తుడుచుకుని ఆసుపత్రికి పోయాడు.

రాగిగిన్నె తోమి బోర్లించాను.

నవంబరు 20, అమావాస్య

చినబాబు ఇంటికి వచ్చాడు. బూజు పోవడానికి వేరే బిళ్ళలు ఇచ్చారు. వాతం బిళ్ళ ఎలా తగ్గించాలో డాక్టరుగారు నాచేత రెండుసార్లు చెప్పించుకున్నారు. "దురద మొదలైతే భయపడొద్దు," అన్నారు వచ్చేముందు. "కాపలా లేచిందనుకోండి."

కార్తీకం ఇవాళ్టితో సరి. మొక్కు మధ్యలో ఆగింది. దాని గురించి స్వామి ముందు కూర్చున్నాను. ఆరబెట్టేవాడు ఆయన. ఒడియాలైనా, నారైనా, వడ్లైనా. తడిగా ఉంచమని ఆయన ఎప్పుడూ అడగలేదు, అడిగాడని నేననుకున్నాను.

రేపటినుంచి పొడిపంచె.

నవంబరు 25

నోరు తేటపడుతోంది. ఇవాళ ఊరగాయ నాకి "కారం" అన్నాడు. దేముడమ్మ వంటింట్లోకి పోయి ఏడ్చింది.

వీపు అలాగే ఉంది. దురద లేదు.

నవంబరు 27

లేదు.

నవంబరు 28

లేదు. మోకాళ్ళు సలుపుతున్నాయట. కాపలా కదులుతోంది. దురద కూడా వస్తుంది.

డిసెంబరు 1, ఆదివారం

పొద్దున్న పూజలో ఉండగా వాకిట్లో కేకలు.

"ఓలప్పా! ఒసే దేముడూ! గోకండే, ఎవులైనా గోకండే! వీపు మండిపోతన్నాది!"

గంట పళ్ళెంలో పెట్టి పరుగెత్తాను. నా వయసుకి అది పరుగే. చినబాబు పందిరి గుంజకి వీపు ఆనించి గేదెలా రుద్దుకుంటున్నాడు. వెనక్కి తిప్పి చూశాను. చెమ్మమరక పోయి మచ్చలు విడివిడిగా ఉన్నాయి. ఒక్కొక్కదానికీ ఎర్రగా, కాస్త ఉబ్బెత్తుగా అంచు. ఎండలో నిగనిగలాడుతోంది. నడుం మీది పాతమచ్చకి మధ్యలో చర్మం తేటగా ఉంది.

"దండం ఎడతావేటప్పా?" అన్నాడు వాడు. "నేను సచ్చిపోతుంటే!"

"దురద ఉన్నాదా?"

"ఉన్నాదా అంటావేటి! నీకూ అంటించనా?"

దేముడమ్మ వచ్చి చూసి మొగుణ్ణి గోకబోయింది, చెయ్యి పట్టుకున్నాను. చల్లని పొడిగుడ్డ అద్దమన్నాను. అద్దుతూ ఏడుస్తూ నవ్వింది. "ఓరి నీ దురద సల్లగుండా!"

సాయంత్రం మాత్రం నవ్వులు లేవు.

గంగులు వచ్చి, వెనక కోసి ఊరేసిన గోగు ఊరిపోయిందని చెప్పాడు. రేపటినుంచే నార తీయాలి. ఆగితే నీళ్ళలోనే పుచ్చిపోతుంది. ఈ ఏడు పంటలో ముప్పాతిక అదే. చినబాబు లేవబోయాడు. మోకాళ్ళు లేవనివ్వలేదు. గుంజ పట్టుకుని నిలబడి నావైపే చూశాడు.

"అప్పా, నిండు బిళ్ళ ఇయ్యి. ఈ నార తీసేవరకే. తరువాత డాట్రు సెప్పినట్టే తగ్గించుకుంటాను."

బిళ్ళలింకా నా దగ్గరే ఉన్నాయి. నేనిస్తే మింగుతాడు. నేనేం ఇచ్చినా మింగుతాడు.

"ఇవ్వను," అన్నాను.

"గోగు పోతాది."

"పోనీ."

"పోనీ అంటావా? ఏడాది తిండి అప్పా! నీకేటి, దేముడి గదిలో కూకుంటావు. నీళ్ళలో దిగేవోడికి తెలుస్తాది."

ఆ మాట నిజమే. "ఆ కాపలావాళ్ళు పొద్దున్నే లేచారు," అన్నాను. "మళ్ళీ కూకోబెట్టలేను."

జగన్నాధం అప్పటిదాకా అరుగుమీద కూర్చుని చెప్పుల ధూళి దులుపుకుంటున్నాడు. లేచి కండువా తీసి దండెం మీద వేశాడు.

"నేను దిగుతాను."

దేముడమ్మ కళ్ళు పెద్దవయ్యాయి. "నువ్వేటి మరిదీ? ఇస్త్రీ పంచె తడుస్తాదని వానొస్తే గుమ్మం దిగనోడివి! ఆ మురుగు వాసనకే పడిపోతావు."

"పడిపోతే నువ్వు లెగదియ్యి వొదినా. నార అమ్మడం నాకు తెలుసు. తీయడం అన్న సెప్తాడు."

"నీకు సెప్పేకంటె ఆ ఎద్దుకి సెప్పడం సుళువు," అన్నాడు చినబాబు. కాని కూర్చున్నాడు.

తర్వాత అందరం కలిసి నిర్ణయించుకున్నాం. రేపు జగన్నాధం, దేముడమ్మ, గంగులు గెడ్డలో దిగుతారు. పైకి వచ్చాక ఒళ్ళు తుడుచుకోకుండా, పొడిబట్ట కట్టుకోకుండా ఎవరికీ అంబలి లేదు. ఆ బట్టలు పట్టుకుని గట్టుమీద నేనుంటాను. చినబాబు ఎండలో పొడిచాప మీద కూర్చుని ఎంత కావాలంటే అంత అరవవచ్చు, నీళ్ళలో కాలు పెట్టకూడదు. దక్కిన నార దక్కుతుంది. మోకాళ్ళ సంగతి శుక్రవారం డాక్టరుగారినే అడగాలి, బజారుని కాదు. బిళ్ళల డబ్బీ ఇవాళే వంటింట్లో ఉప్పుజాడీ పక్కకి మారింది. అన్నం తిన్నాక దేముడమ్మ ఇస్తుంది, మందని చెప్పి ఇస్తుంది.

తీర్థం నేనిస్తాను.